లక్ష్మీదేవిపేట వాన నుంచి బుడాపెస్ట్ దాకా ఒక నెల

ఒక నెలలో చూసిన వార్తలు, ఆటలు, వెళ్లొచ్చిన చారిత్రక ప్రదేశాల్లో మీ మనసులో ఉండిపోయినవి ఏవి అని అడిగారు. నాకైతే 2023 జులై 27 నుంచి ఆగస్టు 27 దాకా గడిచిన నెల ఇప్పటికీ తేదీలతో సహా గుర్తుంది.

జులై 27న మా హనుమకొండలో గడప దాటే పరిస్థితి లేదు. టీవీ పెడితే ఒకటే వార్త: ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన. రాష్ట్రంలో అదే రికార్డు. జంపన్నవాగు పొంగి కొండాయి ఊళ్లో మనుషులు కొట్టుకుపోయారని తెలిశాక నాన్న టీవీ కట్టేశారు. ఆ వారమే రామప్ప వెళ్దామనుకున్నాం. లక్ష్మీదేవిపేటా, రామప్ప గుడి ఉన్న పాలంపేటా ఒకే మండలం. ఊళ్లు ఎలా ఉన్నాయో, గుడికేమైందో అని నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

తెరిపిచ్చాక ఆగస్టు 13, ఆదివారం బయల్దేరాం. దారిలో చాలా పొలాల్లో ఇసుక మేటలు వేసి ఉంది. గుడి మాత్రం కడిగిన ముత్యంలా నిలబడి ఉంది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద కట్టారు, నేల అదిరితే ఆ అదురు ఇసుకలోనే చాలావరకు ఆగిపోవాలని. పైన బరువు తగ్గడానికి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. ఇదంతా చిన్నప్పటి నుంచి విన్నదే. కానీ లోపల నడుస్తుంటే కాలి కింద రాతిపలకలు ఒకచోట కుంగి, ఒకచోట లేచి తగిలాయి. అంత కుదుపు తిన్న నేల మీద ఆ స్తంభాలు ఇంకా కప్పును మోస్తున్నాయి. నాన్న ఫోన్ టార్చి వేసి ఒక స్తంభం మీది చెక్కడాన్ని చాలాసేపు చూశారు. నల్లరాతిలో చెక్కిన ఆ తీగల మధ్య సందు సూది దూరేంతే ఉంది. గైడ్ అగ్గిపుల్ల పెట్టి చూపించబోతే వద్దన్నారు.

ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3. నాలుగు రోజుల ముందే రష్యా లూనా-25 చంద్రుడి మీద కూలిపోయింది, 2019లో మన చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ కూడా అలాగే పోయింది కాబట్టి ఇంట్లో అందరికీ టెన్షన్. 6:04కి దిగింది. నాన్న కళ్లు తుడుచుకున్నారు. ఈసారి ఏమేం చెడిపోవచ్చో ముందే లెక్కవేసుకుని తయారుచేశామని ఇస్రో చెప్పింది. ల్యాండర్ కాళ్లు గట్టిచేశారు, ఇంధనం పెంచారు. దిగడానికి 500 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చోటుకు బదులు 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు ఉన్న చోటు పెట్టుకున్నారు. "రామప్పలో ఇసుక పోసినవాళ్లూ ఇట్లనే ఆలోచించి ఉంటరు" అన్నారు నాన్న. నాకు మాత్రం కొండాయి గుర్తొచ్చింది. వాగు ఎంత ఎత్తు లేస్తే ఊరు ఖాళీ చేయాలో ముందే లెక్కకట్టి, పడవలు దగ్గర పెట్టుకుని ఉంటే ఆ ప్రాణాలు దక్కేవేమో. వానాకాలం వస్తే ఇప్పటికీ నాకు అదే దిగులు.

ఇక ఆటలు. 26 రాత్రి బుడాపెస్ట్ ప్రపంచ అథ్లెటిక్స్‌లో మన నలుగురు కుర్రాళ్లు 4×400 మీటర్ల రిలే హీట్‌ను, అంటే ఫైనల్‌కు ముందు జరిగే అర్హత పరుగును, 2 నిమిషాల 59.05 సెకన్లలో ముగించి, అమెరికా వెనకాలే రెండో స్థానంలో వచ్చారు. ఆసియా రికార్డు అది. అమెరికా వాళ్లను అంత దగ్గరగా తరుముతుంటే నేను సోఫాలోంచి లేచి అరిచాను. దాని గురించి జనం ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాల్సింది.

మర్నాడు రాత్రి జావెలిన్ ఫైనల్లో నీరజ్ చోప్రా మొదటి త్రో ఫౌల్. రెండోది 88.17 మీటర్లు. జావెలిన్ నేల మీద పడకముందే అతను వెనక్కి తిరిగి, గెలిచినట్టే చేతులు పైకెత్తాడు. ప్రపంచ అథ్లెటిక్స్‌లో మనకు అదే మొదటి స్వర్ణం. 87.82 మీటర్లతో రజతం పాకిస్తాన్ ఆటగాడు అర్షద్ నదీమ్‌ది. ఫొటోలు తీసేటప్పుడు అర్షద్ చేతిలో జెండా లేదు. నీరజ్ రమ్మని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. అప్పటికే అర్ధరాత్రి దాటి చాలాసేపైంది. పొద్దున ఆఫీసుందని తెలిసినా, వాళ్లిద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఆ దృశ్యం మళ్లీ వేస్తారేమోనని నాన్నా నేనూ ఇంకాసేపు కూర్చున్నాం.