సీఎస్‌ఈనా, ఏఐ-ఎంఎల్‌నా: ముందు ల్యాబ్ చూసి రండి

మీ అబ్బాయికి ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకు ఊరికి దగ్గర్లోని కళాశాలలో మామూలు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్), హైదరాబాద్ శివార్లలో సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) దొరికేలా ఉన్నాయనీ, ఐటీ ఉద్యోగానికి ఏది మేలో చెప్పమనీ అడిగారు. బ్రాంచి పేరుకు తగిలించిన ఆ తోకను చూసి ఉద్యోగం ఇచ్చిన కంపెనీని నేనైతే ఇంతవరకు చూడలేదు. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు, కంప్యూటర్ నెట్‌వర్కులు రెండింటిలోనూ ఉంటాయి. తేడా వచ్చేది ఆ తర్వాత చెప్పే కొన్ని సబ్జెక్టుల్లోనే. సీట్లు పెంచినంత వేగంగా ఆ సబ్జెక్టులు తెలిసిన అధ్యాపకులు పెరగరు కాబట్టి, చాలాచోట్ల పాత సీఎస్‌ఈ వారే ఈ తరగతులకూ వెళ్తుంటారు. నేను చదివింది ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్, పదేళ్లకు పైగా చేస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇన్నేళ్లలో నా బ్రాంచి గురించి ఆరా తీసింది మా బంధువులే తప్ప మేనేజర్లు కాదు.

అసలు చూడవలసింది ల్యాబ్. గుంటూరు జిల్లాలోని మా కళాశాలలో మొదటి ఏడాది సి భాష అన్ని బ్రాంచీలకూ ఉండేది. యంత్రాలన్నిటిలోనూ సి ప్రోగ్రాములు రాసి నడిపే సాఫ్ట్‌వేర్, నీలం తెర టర్బో సి. అది 1990ల తొలినాళ్ల సరుకు, మేము చేరేనాటికే దానికి కాలం చెల్లింది. ప్రోగ్రాము ఎక్కించక ముందే అబ్జర్వేషన్ పుస్తకంలోనూ, రికార్డులోనూ దాన్ని రాసుకుని, ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిలుతో డబ్బా గీసి, అందులో జవాబు కూడా వేసుకుని రావాలి. అంటే యంత్రం ఏం చెప్పబోతుందో మేమే ముందుగా రాసిపెట్టి, ఆ తర్వాత యంత్రం చేత ఒప్పించేవాళ్లం. ఇంటర్నల్ మార్కులు ఆ పుస్తకానికే కాబట్టి, ఎర్ర సిరా సంతకం పడితే ఆ వారానికి చదువు పూర్తయినట్టే లెక్క.

ఒకసారి ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము, అంటే 1 నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నిటినీ గుణించేది, చేస్తున్నాం. రికార్డులో అందరికీ 5 ఇస్తే 120 అని ఉంది, తెరపైనా అదే వచ్చింది. నా పక్కనున్న అమ్మాయి ఊరుకోక 8 ఇచ్చింది. 40,320 రావలసిన చోట మైనస్ 25,216 వచ్చింది. ధన సంఖ్యలను గుణిస్తే మైనస్ ఎలా వస్తుందో తోచక యంత్రానికి వైరస్ పట్టిందని ఒకరు, కీబోర్డు పాడైందని ఇంకొకరు అన్నారు. ల్యాబ్ చూసే సారు వచ్చి, "రికార్డులో 5 కదమ్మా ఉన్నది, 5 ఇవ్వు, పెద్ద సంఖ్యలు ఇచ్చి ఎందుకు ఇబ్బంది పెడతావ్" అని చెప్పి వెళ్లిపోయారు. ఆ అమ్మాయి మాత్రం ఆ సంఖ్యను అరచేతి మీద రాసుకుంది. కారణం తెలిసింది సెమిస్టరు చివర, ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి పరీక్షకుడిగా వచ్చిన పెద్దాయన దగ్గర. ఆమె ప్రశ్న విని, జవాబు పత్రం వెనుక లెక్క వేసి చూపించారు. టర్బో సి పూర్ణసంఖ్యకు 16 బిట్లే (0 లేదా 1 పట్టే గళ్లు) ఇస్తుంది, వాటిలో మైనస్‌వీ కలిపి మొత్తం 65,536 సంఖ్యలే పడతాయి, అతి పెద్దది 32,767. 40,320 ఆ హద్దు దాటింది కనుక దానిలోంచి 65,536 తీసివేస్తే వచ్చేదే మైనస్ 25,216. ఆ కాసేపట్లో నాకు బోధపడినంత కంప్యూటరు, మిగతా ఏడాదంతా కూర్చున్నా పడలేదని ఈరోజుకీ అంటాను.

ఇప్పుడు ఇంటర్వ్యూలు చేసేటప్పుడు అదే ప్రశ్నను జావాలోకి మార్చి అడుగుతుంటాను. అక్కడ పూర్ణసంఖ్యలకు వాడే ఇంట్ రకానికి 32 బిట్లు, 12 ఫ్యాక్టోరియల్ దాకా సరిగానే వస్తుంది. 13 ఇస్తే 622 కోట్లు దాటవలసిన జవాబు 193 కోట్ల పైచిలుకుగా వస్తుంది. మైనస్ కూడా లేదు కాబట్టి తప్పని అనుమానమే రాదు. రెజ్యూమేలో మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు రాసుకున్న పిల్లలు కూడా ఇక్కడ తెల్లబోతారు. ఆ ప్రాజెక్టుల సంగతి కూడా చెప్పాలి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల డబ్బు కడితే కోడు, డాక్యుమెంటు, బైండింగు సహా చేతికి ఇస్తారని తెలియని విద్యార్థి లేడు, ప్రాజెక్టు చూసే అధ్యాపకుల్లో తెలియని గైడూ లేడు. ఆఖరి ఏడాది మార్కుల్లో పెద్ద వాటా దానికే. కృత్రిమ మేధే కోడు రాసిపెడుతుంటే ఇదంతా ఎందుకని మీరు అడగవచ్చు. అది రాసిన కోడు 193 కోట్లు చూపిస్తే, ఇది తప్పని చెప్పడానికి ఒక మనిషి కావాలి కదా, జీతం ఆ మనిషికే.

కాబట్టి కౌన్సెలింగ్‌లో కళాశాలలను ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేలోగా, పరీక్షల రోజులు కాకుండా మామూలు పనిదినం చూసుకుని రెండు కళాశాలలకూ వెళ్లండి. ప్రవేశాల కార్యాలయంలో ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ చూపిస్తారు, దాన్ని చూసి వచ్చేయకండి. సాయంత్రం తరగతులు అయ్యాక ల్యాబ్ తెరిచి ఉంచుతారా, తాళం వేస్తారా కనుక్కోండి. రెండో ఏడాది పిల్లల్ని పలకరించి, రికార్డు ముందు రాస్తారా, ప్రోగ్రాము ముందు నడుపుతారా అని అడగండి. రెండు చోట్లా ఒకే జవాబు వస్తే ఊరికి దగ్గర్లోని సీఎస్‌ఈనే మొదటి ఆప్షన్‌గా పెట్టండి, ఎందుకంటే నగరం శివార్ల కళాశాలకు రోజూ బస్సులో గంటల తరబడి తిరిగిన పిల్లవాడికి రాత్రి ల్యాప్‌టాప్ తెరిచే ఓపిక మిగలదు.