పామాయిల్ గెల ధరను సముద్రం అవతల ఎవరు నిర్ణయిస్తున్నారు?

విదేశీ నూనె చవకగా దిగితే వినియోగదారుడికి మేలే కదా, ఇక్కడి రైతు ధర దానితో ఎందుకు ముడిపడాలి అన్నది మీ ప్రశ్న. మాది ఏలూరు జిల్లాలో పామాయిల్ తోట ఉన్న కుటుంబం కనుక, మేము అనుభవించినదే చెబుతాను.

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతిదే. అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల పామాయిల్‌ది. ఇక్కడి గెలల (నూనె తీసే పండ్ల గుత్తుల) ధరను ముడి పామాయిల్ మార్కెట్ ధరను బట్టే లెక్కకట్టి ప్రకటిస్తారు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా ఎగుమతులు ఆపేసిన రోజుల్లో టన్ను గెలల ధర 20 వేల రూపాయలు దాటింది. మే 23న నిషేధం ఎత్తేసి, పేరుకుపోయిన నిల్వలను ఆ దేశం బయటికి వదిలాక కొద్ది నెలల్లోనే ధర బాగా దిగిపోయింది. ధర ఎక్కినప్పుడూ దిగినప్పుడూ మా చెట్లు అవే, ఎరువుల ఖర్చు అదే, గెలలు కోసే కూలీ అదే.

ధర పడినప్పుడు మిర్చిలా కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుదామంటే గెలల విషయంలో కుదరదు. కోసిన గెలను వెంటనే ఫ్యాక్టరీకి చేర్చకపోతే కాయలో ఆమ్లం పెరిగి నూనె నాణ్యత చెడుతుంది. కోయకుండా వదిలితే పండిన కాయలు రాలి చెట్టు మొదట్లో పరుచుకుంటాయి. ఒక వేసవిలో ట్రాక్టర్ల వరుసలో రాత్రంతా గడిపి, తెల్లవారాక కాటా వేయించుకుని, తొట్టి అడుగున రాలిన కాయలను గోనెసంచిలోకి ఏరుకున్న సంగతి నాకింకా గుర్తుంది. పైగా ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో కంపెనీకి కేటాయించే పద్ధతి ఉండడంతో కొనేవారి మధ్య పోటీ లేదు. పండించడంలో మాకు ప్రపంచమంతటితో పోటీ ఉంది, మా పంటను కొనడంలో మాత్రం పోటీయే లేదు. అసలు చిక్కు ఇదేనని నా అభిప్రాయం.

2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్‌పై దిగుమతి సుంకాన్ని, సెస్సులతో కలిపి, 5.5 నుంచి 27.5 శాతానికి పెంచాక గెలల ధర మళ్లీ కోలుకుంది. 2025 మే చివర్లో ఆ సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించారు. శుద్ధి చేసిన నూనెపై 35.75 శాతం అలాగే ఉంచడం వల్ల ఇక్కడి రిఫైనరీలకు రక్షణ పెరిగింది కానీ, గెల పండించే రైతుకు తగ్గింది. నూనె ప్యాకెట్ ధర తగ్గాలని కోరుకోవడం తప్పు కాదు, మేమూ కొనేవాళ్లమే. అయితే నాటిన నాలుగో ఏట కాపుకొచ్చి పాతికేళ్లకు పైగా నిలిచే తోటను, రాత్రికి రాత్రి మారే సుంకాన్ని నమ్ముకుని ఎవరు వేస్తారు? అంతర్జాతీయ ధర ఏ స్థాయికి పడితే సుంకం ఎంత పెరుగుతుందో, ఎంత ఎక్కితే ఎంత తగ్గుతుందో ముందే ప్రకటిస్తే, మొక్క నాటే రోజునే రైతు తన లెక్క తాను వేసుకోగలుగుతాడు.