తూటా పొడవు ఎంత పెట్టాలి?

ప్రశ్న: 9 ఎంఎం లూగర్ తూటాలు ఇంట్లో రీలోడ్ చేయడం (కాల్చేసిన కేస్‌లో, అంటే ఇత్తడి గొట్టంలో, కొత్త ప్రైమర్, పౌడర్, బులెట్ పెట్టడం) మొదలుపెట్టాను. తూటా కొనన ఉండి దూసుకెళ్లే బులెట్ బరువు 124 గ్రెయిన్లు, గుండ్రటి ముక్కు. మాన్యువల్‌లో మొత్తం పొడవు 1.150 అంగుళాలని ఉంది. తెలిసినవాళ్లు 1.169 దాకా పెట్టొచ్చంటున్నారు. నా సీజెడ్ పిస్టల్‌లో 1.150 పెట్టినా స్లయిడ్ పూర్తిగా మూసుకోవడం లేదు. దేన్ని నమ్మాలి? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు మీ బ్యారెల్‌ని నమ్మండి. 1.169 అనేది అమెరికాలో తుపాకుల, తూటాల కొలతలు నిర్ణయించే సామి సంస్థ ఈ తూటాకు పెట్టిన గరిష్ఠ పొడవు. అంతకు మించితే తేడా వస్తుందని చెప్పే హద్దు అది. అక్కడిదాకా వెళ్లమని కాదు. ఇక మాన్యువల్‌లోని 1.150 ఆ లోడ్‌ను పరీక్షించినప్పుడు, ఆ బులెట్‌తో వాళ్లు పెట్టుకున్న పొడవు. మీ బులెట్ ముక్కు కాస్త లావుగా ఉంటే అదే పొడవులో అది ముందుగానే రైఫ్లింగ్‌ను (బ్యారెల్ లోపలి మెలి గాళ్లను) తాకుతుంది. సీజెడ్ బ్యారెళ్లలో రైఫ్లింగ్ చాంబర్‌కు (తూటా కూర్చునే గదికి) దగ్గరగా మొదలవుతుంది కాబట్టి ఈ ఫిర్యాదు మామూలే. స్లయిడ్ మూసుకోని తూటాను అరచేత్తో కొట్టి లోపలికి నెట్టకండి.

పొడవు తేల్చుకోవడానికి ప్రైమర్ (నిప్పు రాజేసే చిన్న మూత), పౌడర్ రెండూ లేని డమ్మీ తూటా కావాలి. సైజింగ్ చేసిన (అసలు కొలతకు తిరిగి నొక్కిన) కేస్‌లో బులెట్‌ను 1.169కి కూర్చోబెట్టి, బులెట్ దూరడానికి మూతి దగ్గర విప్పిన వెడల్పును క్రింప్‌తో (మూతిని లోపలికి నొక్కి) తీసేయండి. పిస్టల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని బ్యారెల్ విప్పండి. చాంబర్ పైకి ఉండేలా పట్టుకుని డమ్మీని వదలండి. టక్‌మని దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి, బ్యారెల్ తిరగేస్తే దాని బరువుకే జారిపోవాలి. ఈ మూడింటిలో ఏది జరగకపోయినా బులెట్‌కూ కేస్‌కూ నల్ల మార్కర్ పూసి మళ్లీ వేసి తిప్పండి. రంగు ఎక్కడ గీసుకుపోయిందో చూడండి. బులెట్ వంపు మీదైతే రైఫ్లింగ్ తగులుతోంది, పొడవు తగ్గించాలి. కేస్ మూతి దగ్గరైతే క్రింప్ చాలలేదు. కేస్ ఒంటి మీద ఒక పక్కనే గీత పడితే బులెట్ వంకరగా దిగింది. చాలామంది ఈ మార్కర్ పని మానేసి, క్రింప్ లోపాన్ని కూడా పొడవు తగ్గించి సరిచేయబోతారు. అది ప్రమాదం, ఎందుకో కింద చూడండి.

రైఫ్లింగే తగులుతోందని తేలితే 0.005 అంగుళం చొప్పున లోపలికి దింపుతూ పరీక్షించండి. మూడు పరీక్షలూ దాటిన పొడవు నుంచి ఇంకో 0.015 తగ్గించి ఖాయం చేసుకోండి. బులెట్‌కూ బులెట్‌కూ ఉండే తేడాకు ఆ వెసులుబాటు కావాలి. సీజెడ్‌లో కొన్ని గుండ్రటి బులెట్లకు 1.100 దగ్గర ఆగాల్సి రావచ్చు. ఆపై డమ్మీలతో మ్యాగజైన్ నింపి, ముందు గోడకు రాసుకోకుండా పైకి వస్తున్నాయో లేదో, స్లయిడ్ చేత్తో లాగితే ఒక్కొక్కటీ ఎక్కుతున్నాయో లేదో చూడండి. పిస్టళ్లు రెండుంటే, పొట్టి తూటా అడిగేదాని కొలతే రెండింటికీ.

ఇక ప్రమాదం సంగతి. కేస్ పొడవుకు బులెట్ పొడవు కలిపి, మొత్తం పొడవు తీసేస్తే బులెట్ ఎంత లోతు దిగిందో వస్తుంది. కేస్ 0.750, బులెట్ 0.590 అనుకుందాం. 1.150 దగ్గర లోతు 0.190; 1.100 దగ్గర 0.240. ఆ 0.050 అంగుళం మేర పౌడర్‌కున్న చోటును బులెట్ తినేసింది. 9 ఎంఎం కేస్ అసలే చిన్నది, అందుకే ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. ఈ తూటాకు సామి అనుమతించే గరిష్ఠ సగటు ఒత్తిడి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). కాబట్టి మీ పొడవు మాన్యువల్ పొడవుకంటే తక్కువైతే అందులోని గరిష్ఠ పౌడర్ మోతాదును మర్చిపోండి. అదే బులెట్‌ను మీ పొడవుకు దగ్గరగా పరీక్షించిన డేటా వెతుక్కుని, అందులోని ఆరంభ మోతాదుతో మొదలుపెట్టండి. బరువు ఒకటైనంత మాత్రాన బోలు ముక్కు బులెట్ డేటా గుండ్రటి దానికి పనికిరాదు.

ప్రశ్న: ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో (లివర్ లాగిన ప్రతిసారీ అన్ని దశల పనీ ఒకేసారి చేసే యంత్రంలో) 1.125కి అమర్చాను. కొలిస్తే 1.119 నుంచి 1.128 దాకా వస్తున్నాయి. బులెట్‌ను దించే డై పాడైందా?

జవాబు: డై మీద అనుమానం చివరికి ఉంచండి. కాలిపర్ బులెట్ మొన దగ్గర కొలుస్తుంది, సీటింగ్ డైలోని కడ్డీ మాత్రం వంపు మీద నొక్కుతుంది. మొనలు సమంగా లేని సీసపు బులెట్లలో, బోలు ముక్కువాటిలో ఆ తేడా కొలతలో కనిపిస్తుంది. రెండో కారణం ప్రెస్. స్టేషన్లన్నీ నిండి ఉన్నప్పుడు లివర్ మీద పడే బరువు వేరు, మొదటి, చివరి తూటాలప్పుడు వేరు. అందుకే అన్ని స్టేషన్లలో కేసులుండగా కొలిచి డై అమర్చుకోవాలి. సీసపు బులెట్లు వాడుతుంటే ఇంకొకటి: వాటి మైనం కడ్డీ గుంటలో పేరుకుని, తూటాలు రానురాను పొట్టిగా దిగుతూ పోతాయి. ఆ గుంటను తుడవండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో పిస్టల్ లైసెన్స్ ఉంది. తూటాలు ఇంట్లో రీలోడ్ చేసుకోవచ్చా?

జవాబు: పిస్టల్ లైసెన్స్‌తో తూటాలు తయారు చేసే హక్కు రాదు. 1959 ఆయుధ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తయారీకి వేరే లైసెన్స్ ఉండాలి. పైగా ఇక్కడ 9 ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్, అంటే సామాన్యులకు మామూలుగా లైసెన్స్ ఇవ్వని కొలత.

ప్రశ్న: .38 స్పెషల్ రివాల్వర్‌కూ ఇలాగే పరీక్షించాలా?

జవాబు: అంత అవసరం లేదు. బులెట్ మీద క్రింప్ గాడి ఉంటే కేస్ మూతి ఆ గాడిలో కూర్చోవాలి, పొడవు దానంతటదే తేలుతుంది. గరిష్ఠం 1.550 అంగుళాలు. రివాల్వర్‌లో చూసుకోవాల్సింది తిరగబడ్డ తేడా: బులెట్ లోపలికి కాదు, బయటికి జరుగుతుంది. కాల్చినప్పటి కుదుపుకు మిగతా గదుల్లోని బులెట్లు ముందుకు జారి సిలిండర్‌ను ఆపేస్తాయి, అందుకే మూతి అంచును గాడిలోకి మడిచే రోల్ క్రింప్.

ప్రశ్న: ఒకే తూటాను నాలుగుసార్లు చాంబర్‌లోకి ఎక్కించి తీశాను. 1.130 ఉన్నది 1.112 అయింది. క్రింప్ గట్టిగా బిగించనా?

జవాబు: వద్దు. బులెట్‌ను పట్టుకునేది కేస్ బిగువు, క్రింప్ కాదు. గట్టిగా నొక్కితే సీసం అణిగిపోయి అలాగే ఉంటుంది, ఇత్తడి మాత్రం కాస్త వెనక్కి వస్తుంది. ఉన్న పట్టు కూడా పోతుంది. 9 ఎంఎం తూటా చాంబర్‌లో ఆనేదే కేస్ మూతి మీద కాబట్టి మూతిని మడవకుండా కాస్త సన్నగా నొక్కే టేపర్ క్రింప్ మాత్రమే చేయాలి. లెక్క తేలిక: బులెట్ 0.355, గోడ మందం రెండు పక్కలా 0.011 చొప్పున, మొత్తం 0.377. మూతి దగ్గర అంత వస్తే చాలు. లోపం వెతకాల్సింది రెండు చోట్ల: సైజింగ్ డై, కేస్ అడుగును పట్టుకునే షెల్ హోల్డర్‌ను తాకేదాకా దిగుతోందా, మూతి విప్పే ఎక్స్‌పాండర్ 0.353 కంటే లావుందా. కొత్త తూటా ముక్కును బల్లకు ఆనించి బొటనవేలితో గట్టిగా నెట్టి, ముందూ వెనకా కొలవండి. 0.005 మించి తగ్గితే ఆ విడతలో ఏదీ కాల్చకండి. ఆ 1.112 తూటాను సుత్తిలా కొట్టి బులెట్ ఊడదీసే పుల్లర్‌తో విప్పేయండి, మళ్లీ మ్యాగజైన్‌లో పెట్టకండి.