కొత్తగా తెచ్చుకున్న పిల్లి లిట్టర్ బాక్స్ (మలమూత్రాలకి ఇంట్లో పెట్టే ఇసుక పెట్టె) వదిలేసి బయట మూత్రం పోస్తుంటే ఏం చేయాలి?

ముందు పశువుల డాక్టర్‌కి చూపించాలి, జబ్బేమీ లేదని తేలితే బాక్స్‌నీ అది పెట్టిన చోటునీ మార్చాలి. మూత్రంలో మంటో రాళ్లో ఉంటే పిల్లి ఆ నొప్పిని బాక్స్‌తో ముడిపెట్టుకుని దాని దగ్గరికే వెళ్లదు. ఒంట్లో బాగానే ఉన్నా కొత్త ఇంటి టెన్షన్ చాలు. ఉదాహరణకి, బాక్స్ వాషింగ్ మెషీన్ పక్కన ఉంటే, బట్టలు పిండేటప్పుడు వచ్చే చప్పుడుకి బెదిరి పరుపు మీద పోస్తుంది. సద్దులేని మూలకి మార్చి, సువాసన కలపని లిట్టర్ (ఇసుకలాంటి పొడి) పోసి, రోజూ అందులో కట్టిన ఉండలు తీసేస్తే చాలావరకు దారికొస్తుంది. తడిసిన చోటు ఎంజైమ్ క్లీనర్‌తో (మూత్రం వాసనని పూర్తిగా పోగొట్టే ద్రావణం) కడగాలి, లేకపోతే ఆ వాసనకి మళ్లీ అక్కడికే వస్తుంది.

పగబట్టి చేస్తోందనుకుని కొట్టేవాళ్లున్నారు. పిల్లికి అలాంటి లెక్కలుండవు. కొడితే భయపడి మంచం కింద పోస్తుంది, అంతే. మగపిల్లి పదే పదే ముక్కుతున్నా చుక్క రాకపోతే మాత్రం ప్రాణాపాయం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.