రెండున్నరేళ్ల పాపను తిరుపతిలో డే కేర్‌లో చేర్చేముందు ఏ ప్రమాణాలు చూసుకోవాలి?

రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నామనీ, పాపను ప్లే స్కూలు, డే కేర్ కలిసి ఉన్న చోట చేర్చాలనుకుంటున్నామనీ, చూసి వచ్చిన రెండు చోట్లా ఏసీ గదులు, సీసీ కెమెరాలు, ఫోనిక్స్ (అక్షరాల ధ్వనులతో ఇంగ్లిష్ చదవడం నేర్పే పద్ధతి) బోధన ఉన్నాయనీ, ఇంకేం చూడాలో తెలియడం లేదనీ మీరు రాశారు. తిరుపతిలోనే ఒక క్రెష్‌లో (ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల చిన్నపిల్లలను పగలు చూసుకునే చోటు) కొన్నేళ్లు ఆయాలతో కలిసి పిల్లలను చూసుకుని, తర్వాత అక్కడి నిర్వహణ బాధ్యత కూడా మోసినదాన్ని కాబట్టి ఈ జవాబు రాస్తున్నాను. మీరు చెప్పిన ఆ మూడింటిలో ఏ ఒక్కటీ పాపకు రోజు ఎలా గడుస్తుందో చెప్పదు. పిల్లల దగ్గర ఎంతమంది పెద్దవాళ్లు ఉంటున్నారు, ముఖ్యంగా ఏ వేళల్లో ఉంటున్నారు అన్నదే నా దృష్టిలో అసలు ప్రమాణం.

కేంద్ర ప్రభుత్వం 2013లో తెచ్చిన జాతీయ పూర్వ బాల్య సంరక్షణ, విద్యా విధానం ప్రకారం మూడేళ్లలోపు పిల్లలు 10 మందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒకరు ఉండాలి. క్రెష్‌ల కోసం 2018లో వచ్చిన కనీస మార్గదర్శకాలు కూడా ఇదే నిష్పత్తి చెప్పి, సహాయకురాలు అదనంగా ఉండాలన్నాయి. ఒక్క పూటయినా ఆ వయసు పిల్లలను పదిమందిని ఒంటరిగా చూసుకున్నవాళ్లకు ఇది ఎంత బొటాబొటీ లెక్కో తెలుస్తుంది. అయినా చాలాచోట్ల ఆ లెక్క కూడా కాగితం మీదే కుదురుతుంది. సిబ్బంది ఎందరని అడిగితే వంటమనిషినీ, ఆఫీసు గదిలో ఫీజులు రాసుకునే మేడంనూ, వ్యాను డ్రైవరునూ కలిపి చెబుతారు. అందుచేత మీరు అడగవలసిన ప్రశ్న వేరు: మా పాప ఉండే గదిలో, ఆమె వయసు పిల్లల దగ్గర, మధ్యాహ్నం ఒంటిగంటకు ఎవరుంటారు?

అడ్మిషన్ కోసం వచ్చే తల్లిదండ్రులను సాధారణంగా ఉదయం పది, పదిన్నరకు రమ్మంటారు. అప్పుడు టీచర్లందరూ ఉంటారు, పిల్లలు ఉషారుగా పాటలు పాడుతుంటారు, ఏ డే కేర్ అయినా బాగానే కనిపిస్తుంది. వీలైతే పన్నెండున్నరకు వెళ్లండి. బాగా నడిచే చోట పిల్లలు చేతులు కడుక్కొని చాప మీద ఎడంగా కూర్చుని, ముద్దలో సగం నోట్లోకీ సగం గౌను మీదికీ పోతున్నా తమ చేత్తో తామే తింటుంటారు. ఆయా కూడా కిందనే కూర్చుని, తినలేని వాళ్లకు అందిస్తూ, ఎవరు ఎంత తిన్నారో గమనిస్తూ ఉంటుంది. మనుషులు చాలని చోట ఒకే గిన్నెలో పెరుగన్నం కలిపి, ఒకే చెంచాతో వరసగా నోళ్లలో పెట్టుకుంటూ పోతారు. నోరు తెరిపించడానికి ఎదురుగా టీవీలో రైమ్స్ మోగుతుంటాయి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద గంటకు మించి తెర చూపించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంట కాస్తా అన్నం దగ్గరే అయిపోతుంది.

తిండి గురించి మన జిల్లావాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. వేయించిన చెనిక్కాయలు (వేరుశనగలు) లేని ఇల్లు మనకు ఉండదు కానీ, ఐదేళ్లలోపు పిల్లలకు వాటిని పలుకులుగా పెట్టకూడదు, శ్వాసనాళంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. పొడి కొట్టి అన్నంలోనో సంగటిలోనో కలిపితే అంతకన్నా మంచి ఆహారం లేదు. ద్రాక్షపండ్లయితే నిలువుగా చీల్చి ఇవ్వాలి. ఈ సంగతులు వంటమనిషికి తెలుసా, గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలో ఆ సమయంలో గదిలో ఉండేవాళ్లలో ఎవరు నేర్చుకున్నారు అని అడగండి.

భోజనాల తర్వాత నిద్రవేళ వస్తుంది. పిల్లలు పడుకోగానే ఆయాలందరూ తలుపు దగ్గరగా వేసి ఒకేసారి అన్నానికి వెళ్లడం చాలాచోట్ల అలవాటు. వంతులవారీగా తిని, ఒకరు తప్పనిసరిగా గదిలోనే ఉండే పద్ధతి ఉందో లేదో కనుక్కోండి. పాపం, ఆ ఆయాలను కూడా తప్పు పట్టలేం. పొద్దున ఎనిమిది నుంచి నిలబడినవాళ్లకు మరో మనిషిని ఇవ్వకపోవడం యాజమాన్యం లోపం.

స్థలం విషయంలో 2013 విధానం 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది, 30 చదరపు మీటర్ల ఆరుబయలు ఉండాలంటుంది. తిరుపతిలో డే కేర్‌లు ఎక్కువగా అద్దె ఇళ్లలోనే నడుస్తాయి కనుక ఆరుబయలు దొరకడం కష్టం. నేనైతే మేడ మీది ఏసీ గది కంటే కింద అంతస్తులో గాలి ఆడే గదినే ఎంచుకుంటాను. వాకిట్లో ఉండే సంపు మూతను మాత్రం మీరే స్వయంగా ఎత్తి చూడండి. ఒంటి చేత్తో లేస్తే దానికి తాళం వేయమనండి. బాత్రూంలో నీళ్లు పట్టి ఉంచిన బకెట్లు కూడా అంతే ప్రమాదం. ఈ వయసు బిడ్డ తలకిందులుగా పడితే లేవలేదు.

కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది, జరగకుండా ఆపదు. ఫోన్లో అందరికీ లైవ్ ఇస్తామని గొప్పగా చెబితే, మీ పాప బట్టలు మార్చుకోవడం కూడా ముక్కూమొహం తెలియనివాళ్లు చూస్తారా అని అడగండి.

ఫోనిక్స్ సంగతికి వస్తే, పునాది దశ (మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల చదువు) కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలు అక్కర్లేదంది. రెండున్నరేళ్ల బిడ్డకు కావలసింది తనతో ఇంటి భాషలో మాట్లాడే మనిషి. చిత్తూరు, తిరుపతి ఇళ్లలో తమిళం, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్నారు. దాహమని పాప ఏ భాషలో చెప్పినా అర్థం చేసుకునే ఆయా ఉండడం ఏ ఇంగ్లిష్ రైమ్ కన్నా విలువైనది.

చేర్చుకునేటప్పుడు టీకాల కార్డు అడగని చోటును అనుమానించండి. పాపను తీసుకెళ్లడానికి ఎవరెవరు రావచ్చో రాతపూర్వకంగా తీసుకుంటున్నారా, తల్లి సంతకం లేకుండా జ్వరం సిరప్ పోస్తారా అన్నవి కూడా తెలుసుకోండి. ఇద్దరు పిల్లలు కొరుక్కుంటే సాయంత్రం మీకు ఎలా చెబుతారని అడగండి. ఈ వయసు పిల్లలు కొరకడం సహజం కాబట్టి, ‘మా దగ్గర అలాంటివి జరగవు’ అన్నది మంచి జవాబు కాదు.

మీరు ఫ్యాక్టరీ ఉద్యోగి అన్నారు కనుక మరో మాట. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో వచ్చిన సవరణ తెచ్చిన, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్న నియమం ప్రకారం 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలి, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలి. మీ హెచ్‌ఆర్ వాళ్లను అడిగి చూడండి. ఒంటరిగా కాకుండా చిన్నపిల్లలున్న నలుగురు తల్లులు కలిసి అడిగితే జవాబు త్వరగా వస్తుంది.

ఎక్కడ చేర్చినా మొదటి వారం సగం పూటే ఉంచండి. మొదటి ఒకటి రెండు రోజులు మీరూ లోపల కూర్చోవడానికి ఒప్పుకోని చోట చేర్చవద్దు. పాప ఆటలో ఉన్నప్పుడు చెప్పకుండా జారుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, దాన్ని పాటించకండి. ఏడ్చినా సరే, వెళ్తున్నానని చెప్పి, ఎప్పుడు వస్తానో చెప్పి వెళ్లండి. ఆ వారం మీకు ఉదయం షిఫ్టు పడకుండా ఇప్పుడే సూపర్‌వైజరుతో మాట్లాడి పెట్టుకోండి.