ఊరి రచయిత పాత కథలన్నీ పోగుచేసి పుస్తకం వేయాలంటే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

మీ పెదనాన్నగారు అనకాపల్లి దగ్గర పల్లెలో బడిపంతులుగా ఉంటూ 1958 నుంచి 1985 దాకా కథలు రాశారు, 1991లో పోయారు, ఇంట్లో ఒక ట్రంకుపెట్టె కాగితాలు తప్ప పుస్తకమేదీ లేదు. ఇదీ మీరు చెప్పింది. అయితే డీటీపీ (కంప్యూటర్లో టైపుచేసి పేజీలు కూర్చే) వాళ్ల దగ్గరికి ఇప్పుడే పోకండి. ముందు పట్టిక తయారవ్వాలి: కథ పేరు, పత్రిక, సంచిక తేదీ, పేజీలు, కాపీ ఎక్కడుంది. ఈ అయిదు గళ్లూ వీలైనంతవరకు నిండాకే మిగతా పని.

పెట్టెలో కథలకంటే ముందు చిన్న కాగితాలు ఏరండి. పారితోషికం తాలూకు మనియార్డరు కూపన్లు, కథ వేసుకుంటున్నామని పత్రికల వాళ్లు రాసిన కార్డులు చాలా ఇళ్లలో చెత్తకింద పోతుంటాయి. తపాలా ముద్రలో తేదీ దొరుకుతుంది. డబ్బు మామూలుగా అచ్చయ్యాకే వచ్చేది కనుక, ఆ తేదీకి వెనక రెండు మూడు నెలల సంచికలు తిరగేస్తే కథ దొరికే అవకాశం ఎక్కువ. ఆయన సర్వీసు రిజిస్టరు గానీ పెన్షను కాగితాలు గానీ ఉంటే ఏ ఏడు ఏ ఊళ్లో పనిచేశారో తేలుతుంది. పుట్టినతేదీకి మాత్రం బడి రికార్డు ఒక్కదాన్నే నమ్మొద్దు, జాతకం ఉంటే పక్కన పెట్టి చూడండి.

తరవాత శ్రీకాకుళం కథానిలయం, తెలుగు కథల గ్రంథాలయం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పింది. దాని వెబ్‌సైటులో రచయిత పేరుతో వెతికితే కథలు, పత్రికలు, తేదీలు వస్తాయి. ఒక్క పేరుతో ఆగిపోకండి. ఇంటిపేరు పూర్తిగా రాసి, పొడి అక్షరాలతో, కలం పేరుతో, పెద్దమ్మగారి పేరుతో కూడా వెతకండి. భార్య పేరున రాసిన మగవాళ్లు తక్కువేం కాదు. అదే ఇంటిపేరు, అవే పొడి అక్షరాలున్న ఇంకొకరి కథలు కలిసిపోయే ప్రమాదమూ ఉంది. విశాఖలోనైతే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయం చూడండి. వెళ్లేముందు ఏ పత్రిక ఏ ఏళ్ల సంచికలు బైండు చేసి ఉన్నాయో అడిగి పట్టిక పట్టుకెళ్తే సగం రోజు మిగులుతుంది.

అందరూ బోల్తాపడేది తెలుగు సంవత్సరాల దగ్గర. ప్రత్యేక సంచికకి 'సౌమ్య' అని ఉంటే 1969 అని రాసేస్తారు. ఉగాది, దీపావళి సంచికలకి అది సరే. కానీ సౌమ్య నామ సంవత్సరం 1970 ఉగాది దాకా నడిచింది, కాబట్టి సౌమ్య సంక్రాంతి సంచికంటే 1970 జనవరి.

ఫోటోలు కిటికీ వెలుగులో తీయండి, ఫ్లాష్ వద్దు. మొదట సంచిక అట్ట, తరవాత విషయసూచిక, ఆపైన కథ పేజీలు వరసగా. బైండింగులో అట్టలు ఊడగొట్టేసి ఉంటే తేదీ కోసం లోపలి పేజీలు చూడాలి. వారపత్రికల్లో కథ మధ్యలో ఆపి 'తరువాయి ఫలానా పేజీలో' అనేవారు. ఆ వెనక పేజీ ఫోటో మరిచిపోతే ముగింపు లేని కథతో ఇంటికొస్తారు. కుట్టుమడతలో అక్షరాలు లోపలికి పోయి కనపడకపోతే పుస్తకాన్ని అదిమి తెరవకండి, కాగితం విరుగుతుంది. పక్కనుంచి ఏటవాలుగా ఇంకో ఫోటో తీస్తే చాలు.

టైపుకి ఓసీఆర్ (ఫోటోలోని అక్షరాల్ని టైపు అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) వాడితే రెండు కాలాల పేజీని ముందే రెండు ముక్కలుగా కత్తిరించండి, లేకపోతే వాక్యాలు అడ్డంగా కలిసిపోతాయి. పాత అచ్చులో వ–ప, మ–య, ద–ధ తారుమారవుతాయి, వత్తులు ఎగిరిపోతాయి. ఎలాగూ ఒకరు చదువుతుంటే ఇంకొకరు మూలం చూసుకోవాల్సిందే. ప్రూఫ్ చూసేవారికి ముందే గట్టిగా చెప్పండి: సంభాషణల్లో 'ఏటి', 'వొచ్చీసినాడు', 'నానెరగను' అని ఉంటే అలాగే ఉంచాలి. దిద్దేస్తే మన ఉత్తరాంధ్ర కథ కాస్తా ఏ ఊరిదీ కాకుండా పోతుంది. అచ్చుప్రతికీ చేతిరాతకీ తేడా వస్తే అచ్చుదే తీసుకుని, తేడా పుస్తకం చివర చూపించండి.

హక్కులు రచయిత పోయిన మరుసటేడు జనవరి నుంచి 60 ఏళ్లు, అంటే మీ విషయంలో 2051 ఆఖరిదాకా వారసులవే. వారసులందరి సంతకాలూ ఒకే కాగితం మీద ముందే తీసుకోండి, పుస్తకం వచ్చాక అడిగితే పేచీలొస్తాయి. పత్రికలో వేసిన బొమ్మ హక్కు వేరే సంగతి, చిత్రకారుణ్ని అడక్కుండా వేయొద్దు.

పుస్తకం లెక్క సులువే. 18 కథలు, సగటున 1800 మాటలనుకుంటే 32,400. 1/8 డెమీ (మామూలు కథల పుస్తకం సైజు)లో పేజీకి 240 మాటల చొప్పున 135 పేజీలు, ముందుపేజీలు 9 కలిపి 144, సరిగ్గా 16 పేజీల ఫారాలు (ఒకే కాగితం మీద అచ్చై మడతపడే పేజీల కట్టలు) తొమ్మిది. మూడు వందల కాపీల లోపైతే డిజిటల్ ప్రింటింగే నయం. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) ఉచితం, దళారీకి డబ్బివ్వకండి.

రేడియోలో చదివిన కథలు కూడా కలపొచ్చా అన్నారు. కలపొచ్చు. ఆకాశవాణి కాంట్రాక్టు కాగితంలో ప్రసార తేదీ, సమయం ఉంటాయి. విశాఖ కేంద్రం 1963లో మొదలైంది, అంతకు ముందు తేదీ కనిపిస్తే విజయవాడదై ఉండొచ్చు. రేడియో ప్రతి నిమిషాల లెక్కకి కుదించినది కావచ్చు కనుక, అదే కథ పత్రికలోనూ వచ్చి ఉంటే పత్రిక ప్రతినే వేసి, ప్రసార వివరం కథ కింద ఒక్క లైనులో ఇవ్వండి.