ఫ్రేజియర్ బొటనవేలి దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

అమెరికన్ హెవీవెయిట్ బాక్సర్ జో ఫ్రేజియర్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. కానీ ఎంత చదివినా మనిషి కనబడడే! మొత్తం 37 ఫైట్లు, 32 గెలుపులు, అందులో 27 నాకౌట్లు, 4 ఓటములు, ఒక డ్రా. ఈ లెక్క ఎవరికైనా ఫోన్‌లో అర నిమిషంలో దొరుకుతుంది, దానికి నువ్వెందుకు?

నువ్వు 1971లో మహమ్మద్ అలీతో జరిగిన ఫైట్ దగ్గర ఎత్తుకున్నావు. అంతకుముందు అమెచ్యూర్ రోజులన్నీ ఒక్క వాక్యం: "1964 టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం సాధించాడు." అంతే. అయ్యా, అసలు కథంతా ఆ వాక్యం కింద పడి నలిగిపోయింది. అతనికి టోక్యో టికెట్టే రాలేదు కదా! ఒలింపిక్ జట్టుని ఎంపిక చేసే ట్రయల్స్ ఫైనల్లో బస్టర్ మాథిస్ అనే కొండంత మనిషి చేతిలో ఓడిపోయాడు. ఆ తర్వాత మాథిస్ చేతికి దెబ్బ తగిలితే ఆ ఖాళీలో వెళ్ళాడు. వెళ్ళినవాడు సెమీస్‌లో సోవియట్ బాక్సర్ యెమెల్యానోవ్‌ని రెండో రౌండ్‌లోనే ముగించాడు గానీ, తన ఎడమ చేతి బొటనవేలు విరగ్గొట్టుకున్నాడు. బయటికి చెబితే ఫైనల్ ఆడనివ్వరు. నోరు మూసుకుని, విరిగిన వేలిని గ్లవ్‌లోకి దూర్చి, జర్మనీ బాక్సర్ హాన్స్ హూబర్‌తో మూడు రౌండ్లూ ఆడాడు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. ఆ ఏడాది అమెరికా బాక్సింగ్ జట్టుకి దక్కిన ఒకే ఒక్క స్వర్ణం అది. వేలు బాగై ప్రొఫెషనల్‌గా మొదటి ఫైట్ ఆడేసరికి 1965 ఆగస్టు వచ్చేసింది. ఇంత ఉంచుకుని "స్వర్ణం సాధించాడు" అంటావేంటి?

పైగా ఆ మాథిస్ మళ్ళీ వస్తాడు. సైన్యంలో చేరనన్నందుకు అలీ దగ్గర్నుంచి టైటిల్ లాగేసుకున్నాక, 1968 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రం గుర్తించిన హెవీవెయిట్ టైటిల్ కోసం ఫ్రేజియర్ ఎదురుగా నిలబడింది అతనే. పదకొండో రౌండ్‌లో పడిపోయాడు. టోక్యోకి వెళ్ళాల్సిన మనిషి, అతని బదులు వెళ్ళిన మనిషి, నాలుగేళ్ళ తర్వాత ఒకే రింగ్‌లో. నీ వ్యాసంలో ఇది పదమూడో పేరాలో ఒక తేదీ, పక్కన ఒక పేరు. నాకైతే ఏడుపొచ్చింది.

ఇక ఎడమ చెయ్యి. "విధ్వంసకర లెఫ్ట్ హుక్" (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే ఎడమచేతి దెబ్బ) అని నాలుగుసార్లు రాశావు. ఆ విశేషణం తీసేసి పందిని పెట్టు. నిజంగానే అంటున్నాను. సౌత్ కరోలినాలోని బ్యూఫర్ట్ దగ్గర చిన్నప్పుడు ఓ పెద్ద పందిని కర్రతో పొడిస్తే అది తరుముకుందట, పరిగెత్తి పడ్డాడు, ఎడమ చెయ్యి ఇటుక మీద పడింది. డాక్టరుకి చూపించే స్తోమత ఇంట్లో లేదు. ఆ చెయ్యి వంకరగానే అతుక్కుంది, మళ్ళీ పూర్తిగా చాపలేకపోయాడు. ఇది ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. హుక్ కొట్టడానికి మోచెయ్యి వంచాలి కదా, ఇతనిది ముందే వంగి ఉంది. అలాగే గోనెసంచిలో పాత గుడ్డలు, మొక్కజొన్న కండెలు కుక్కి, మధ్యలో ఇటుక పెట్టి చెట్టుకి వేలాడదీసి గుద్దేవాడు. ఫిలడెల్ఫియా వెళ్ళాక కబేళాలో పని, అక్కడ వేలాడే మాంసం మీద ప్రాక్టీసు. జిమ్‌కి మొదట వెళ్ళింది ఛాంపియన్ అవ్వడానికి కూడా కాదు, ఒళ్ళు తగ్గించుకోవడానికి. ఇవి చెప్పాక హుక్ ఎంత గట్టిదో నువ్వు చెప్పక్కర్లేదు.

నా తప్పు కూడా ఒకటి చెప్తాను, నవ్వుకో. కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక పత్రికలో 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఫ్రేజియర్ అలీని నాకౌట్ చేశాడని రాశాను. ఊపులో రాసేశాను. తెనాలి నుంచి ఒకాయన కార్డు ముక్క పంపారు: "అయ్యా, పదిహేనో రౌండ్‌లో పడింది నిజమే, కానీ లేచాడు. పాయింట్ల మీద ఓడాడు." ఆ కార్డు చాలాకాలం టేబుల్ అద్దం కింద ఉంచుకున్నాను. నిజానికి అంత దెబ్బ తిన్నవాడు లేచి నిలబడ్డాడన్నదే పెద్ద కథ, దాన్ని నేనే చంపేశాను.

1973లో కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టిన సంగతి నువ్వు బాగానే రాశావు, దాన్ని కదపకు. మనీలాలో అలీతో ఆడిన మూడో ఫైట్ మాత్రం మళ్ళీ రాయి. అక్కడ వేడి గురించి రెండు పేరాలు పోశావు గానీ, ఫ్రేజియర్ ఎడమ కంటికి చూపు సరిగ్గా లేదన్న మాటే లేదు. కంటి పరీక్షలో ఒక కన్ను మూసి చదవమంటే ఎడమ కన్ను మూసేవాడట, ఇప్పుడు రెండోది అంటే చెయ్యి మార్చేవాడు గానీ కన్ను మార్చేవాడు కాదట. అలా నెట్టుకొచ్చాడు. 1975 అక్టోబర్ 1న అలీ దెబ్బలకి ఆ ఉన్న కుడి కన్ను కూడా వాచి మూసుకుపోయింది. పద్నాలుగో రౌండ్ అయ్యాక ట్రైనర్ ఎడ్డీ ఫచ్ ఆపేశాడు, ఫ్రేజియర్ వద్దు వద్దంటున్నా వినలేదు. ఈ కన్ను విషయం చెప్పకుండా "ఫచ్ తెల్లజెండా ఊపాడు" అని రాస్తే ఆ ముసలాయనకి అన్యాయం చేసినట్టే.

అలీని విలన్ చెయ్యొద్దు, దేవుణ్ణీ చెయ్యొద్దు. అలీ బాక్సింగ్ ఆడకుండా నిషేధంలో ఉన్నప్పుడు ఫ్రేజియర్ అండగా నిలబడ్డాడు, తర్వాత అదే అలీ అతన్ని గొరిల్లా అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి వదిలెయ్, మధ్యలో నీ కామెంటరీ వద్దు.

భాష గురించి ఒక్క ముక్క. "ముష్టియోధుడు" తీసెయ్. ముష్టి అంటే మన ఊళ్ళల్లో ముందు గుర్తొచ్చేది అడుక్కోవడం. బాక్సర్ అంటే చాలు, మా అమ్మకి కూడా అర్థమవుతుంది. "పిడిగుద్దుల వర్షం" కూడా వద్దు, ఆ వర్షంలో తెలుగు స్పోర్ట్స్ పేజీలు తడిసీ తడిసీ ముద్దయిపోయాయి.

వచ్చే ఆదివారంలోపు మళ్ళీ పంపు, టెన్షన్ పడకు, బొటనవేలు పేరా ఒక్కటి బాగా కుదిరినా చాలు. అన్నట్టు, నీ వ్యాసంలో అతని పేరు ఫ్రేజియర్, ఫ్రేజర్, ఫ్రాజియర్ అని మూడు రకాలుగా ఉంది. ఏదో ఒకటి తేల్చుకుని పంపు.

ఉంటాను,
అన్నయ్య